పళ్ళెంలో ప్రపంచ చరిత్ర: న్యూయార్క్ నగరంలో లాటిన్ విందు

మానవుని ప్రాథమిక అవసరాలలో మొదటిది ఆహారం. అయితే ఆకలి తీరుటతో ఆహారపు కథ ముగియదు. ఒక సమాజంలో ఎవరు ఏమి తిన్నారో, ఎవరు వండి ఎవరికి వడ్డించారో, ఏ వంటకు ఎంత వెల కట్టారో తెలిసికొంటే ఆ సమాజ స్వరూపం చాలవరకు అవగతమవుతుంది. చరిత్ర గ్రంథాలు రాజులను గురించి చెప్పినంతగా రైతులను గురించి, వంటవారిని గురించి చెప్పవు. ఆ లోటును కొంతవరకు భోజనపు బల్ల పూరిస్తుంది.

ఉన్నత విద్యకై, ఉద్యోగానికై తెలుగునాట నుండి అమెరికా వెళ్ళే యువతీయువకులు ఈనాడు వేల సంఖ్యలో ఉన్నారు. న్యూయార్క్ వంటి మహానగరంలో అడుగుపెట్టిన విద్యార్థిని ఆచార్యుడో, సహాధ్యాయులో ఏదో ఒకనాడు ఒక చిన్న, ఖరీదైన భోజనశాలకు ఆహ్వానిస్తారు. అట్టివానిలో లాటిన్ అమెరికా వంటలు వడ్డించే శాలలు గత నలుబది ఏళ్ళుగా ప్రత్యేక గౌరవం పొందుతున్నాయి. అక్కడ ఏమి వడ్డిస్తారు, ఎట్లు తినాలి, ఏమి అడగాలి, బిల్లు ఎట్లు లెక్కిస్తారు అనే విషయాలను వివరించుట ఈ వ్యాసోద్దేశం. వీటితోపాటు ఒక పెద్ద ప్రశ్న కూడా ఉన్నది. ఒకే మొక్కజొన్న రొట్టె వీధి బండి మీద చౌకగాను, తెల్లని గుడ్డ పరచిన బల్ల మీద ఖరీదుగాను ఎందుకు ఉంటుంది? ఈ ప్రశ్నకు సమాధానం మన జొన్నరొట్టెకు కూడా వర్తిస్తుంది.

లాటిన్ అనగా నేమి?

ఉత్తరాన మెక్సికో మొదలుకొని దక్షిణాన చిలీ, అర్జెంటీనాల వరకు గల దేశాలను, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, ప్యూర్టోరికో వంటి ద్వీపాలను కలిపి లాటిన్ అమెరికా అంటారు. అక్కడ ప్రధానంగా మాట్లాడే స్పానిష్, పోర్చుగీసు భాషలు ప్రాచీన లాటిన్ నుండి పుట్టినవి గనుక ఈ పేరు వచ్చినది. పేరు ఒక్కటే గాని వంట ఒక్కటి కాదు. మెక్సికోకు మొక్కజొన్న, మిరపకాయ ప్రాణం. పెరూకు బంగాళాదుంప, సముద్రపు చేప ముఖ్యం. అర్జెంటీనాలో గోధుమకు, మాంసానికి ప్రాధాన్యం. కరీబియన్ ద్వీపాలలో అన్నం, చిక్కుడు జాతి గింజలు, కూర అరటి నిత్యభోజనం. బ్రెజిల్‌లో కర్రపెండలం లేని ఇల్లు అరుదు. హైదరాబాదు బిర్యానీని, కేరళ పుట్టును, కాశ్మీరు వాజ్వాన్‌ను ఒకే గాటన కట్టి ‘ఇండియన్ ఫుడ్’ అంటే మనకెట్లుంటుందో, ఈ వంటలన్నిటినీ ‘లాటిన్’ అనే ఒక్క మాటలో చెప్పుట వారికీ అట్లే ఉంటుంది.

ఈ ప్రజలు న్యూయార్క్‌కు ఒకేసారి రాలేదు. 1917లో ప్యూర్టోరికో ప్రజలకు అమెరికా పౌరసత్వం లభించినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం వారు పెద్ద సంఖ్యలో ఈ నగరానికి వచ్చారు. 1961లో నియంత ట్రుహియో హత్య అనంతరం డొమినికన్లు రాసాగారు. ఇరువదవ శతాబ్దం చివరి దశాబ్దాలలో మెక్సికోలోని ప్వేబ్లా ప్రాంతం నుండి శ్రామికులు వచ్చారు. 2020 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా 88 లక్షలు. అందులో వంద మందికి దాదాపు 28 మంది హిస్పానిక్ మూలాలు గలవారు. క్వీన్స్ విభాగంలోని జాక్సన్ హైట్స్ పేటలో కొలంబియా, ఈక్వడార్, మెక్సికో దేశీయుల దుకాణాలు, మన ఉపఖండం వారి మిఠాయి, మసాలా దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి. అక్కడ ఒక వీధిలో సమోసా వాసన, మలుపు తిరిగితే కాలుతున్న మొక్కజొన్న రొట్టె వాసన వస్తాయి.

వంటగది నుండి బల్ల వరకు

ఇచట ఒక విచిత్రాన్ని గమనించాలి. నగరంలోని ఫ్రెంచి, ఇటాలియన్ భోజనశాలల వంటగదులలో కూరగాయలు తరిగినవారు, గిన్నెలు కడిగినవారు, పొయ్యి దగ్గర నిలిచినవారు పెక్కుమంది లాటిన్ అమెరికా వలసదారులే. పరాయి వంట వండి నగరాన్ని మెప్పించిన ఆ చేతులకు తమ సొంత వంటను గౌరవంగా వడ్డించే అవకాశం చాలా కాలం దొరకలేదు. మెక్సికన్ భోజనం అనగా చౌక భోజనం అనే అభిప్రాయం బలంగా నాటుకొని ఉండెను.

ఆ అభిప్రాయం క్రమంగా సడలినది. 1984లో జోసెఫీనా హోవర్డ్ అనే మహిళ మన్‌హట్టన్‌లో ‘రోసా మెహికానో’ భోజనశాలను నెలకొల్పి, ఆవకాడో పండును అతిథుల కళ్ళెదుటే రోట్లో మెదిపి వడ్డించు పద్ధతికి ప్రసిద్ధి తెచ్చారు. 1994లో క్యూబన్ మూలాలు గల డగ్లస్ రోడ్రిగేజ్ ‘పాత్రియా’ అనే శాలలో పలు లాటిన్ దేశాల రుచులను కలిపి ‘నూయేవో లాటినో’, అనగా ‘నవ్య లాటిన్’ అనే వంటరీతిని ప్రచారంలోకి తెచ్చారు. 2014లో మెక్సికో నగరపు ‘పుహోల్’ భోజనశాల స్థాపకుడు ఎన్రికే ఒల్వేరా మన్‌హట్టన్‌లో ‘కోస్మే’ను ప్రారంభించారు. అదే సంవత్సరం క్వీన్స్‌లోని చిన్న శాల ‘కాసా ఎన్రికే’కు మిషెలిన్ సంస్థ వారి నక్షత్రం లభించినది. న్యూయార్క్‌లో ఆ గౌరవం పొందిన మొదటి మెక్సికన్ భోజనశాల అదే. దాని ప్రధాన వంటవాడు కోస్మే అగిలార్ మెక్సికోలోని చియాపాస్ రాష్ట్రంలో పుట్టి వలస వచ్చినవాడు. పరాయి వంటగదిలో నిలిచిన తరం తమ పేరుతో, తమ ఊరి వంటతో బల్ల మీదికి వచ్చుటకు ఇన్ని దశాబ్దాలు పట్టినది.

మొదటి వడ్డన: పులిపాలు

ఇట్టి శాలలలో సాధారణంగా రెండు పద్ధతులుంటాయి. మెనూ చూచి కావలసినవి కోరుకొనుట ఒకటి. వంటవాడే నిర్ణయించిన ఆరు నుండి పది వరకు చిన్న చిన్న వడ్డనలను వరుసగా స్వీకరించుట మరొకటి. ఈ రెండవ పద్ధతిలో ప్రతి వడ్డన అరచేతిలో ఇమిడేటంత మాత్రమే ఉంటుంది. కొత్తవారికి ఇది కొంత నిరాశ కలిగించవచ్చును. కాని వరుస ముగిసేసరికి కడుపు నిండుతుంది. చిన్న శాలకు ఈ పద్ధతి మేలు. ఎందరు వస్తారో, ఏమి తింటారో ముందే తెలియుటచేత సరుకు వృథా కాదు.

మొదట తరచుగా వచ్చేది పెరూ దేశపు ‘సెవిచే’. పచ్చి చేప ముక్కలను నిమ్మరసంలో ఉప్పు, ఉల్లి, మిరపకాయలతో కలిపి చేస్తారు. నిమ్మరసంలోని ఆమ్లం చేపలోని మాంసకృత్తులను మార్చివేయుటచేత ముక్కలు నిప్పు తగలకుండానే తెల్లబడి గట్టిపడతాయి. అడుగున మిగిలే పుల్లని రసాన్ని ‘లెచే దె తీగ్రె’ అంటారు, అనగా పులిపాలు. మనకు పులిపాలు తెచ్చుట అసాధ్య కార్యం; వారికి అది ఒక చిన్న గిన్నెలో వచ్చే రసం. సెవిచే తయారీ, సేవనాలకు సంబంధించిన పెరూ సంప్రదాయాన్ని యునెస్కో 2023లో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది. మెక్సికో సంప్రదాయ వంటకు ఈ గౌరవం 2010లోనే లభించినది.

ఇచట ఆరోగ్య విషయం ఒకటి చెప్పవలసి ఉన్నది. నిమ్మరసం చేపను తెల్లబరచునే గాని అందులోని పరాన్నజీవులను, సూక్ష్మక్రిములను పూర్తిగా చంపజాలదు. అందుచేత పచ్చిగా తినే చేపను సున్నకు దిగువ 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 7 రోజులు గాని, సున్నకు దిగువ 35 డిగ్రీల వద్ద గడ్డకట్టించి 15 గంటలు గాని ఉంచితే పరాన్నజీవులు నశిస్తాయని అమెరికా ఆహార నియంత్రణాధికారుల మార్గదర్శకం చెబుతున్నది. మంచి భోజనశాల ఈ జాగ్రత్త పాటిస్తుంది. ఇంటివద్ద సంతలోని చేపతో ఈ వంటను అనుకరించుట క్షేమం కాదు.

రెండవ వడ్డన: సున్నపు నీటి మహిమ

తరువాత వచ్చేది మొక్కజొన్న రొట్టె; దాని పేరు ‘టోర్టియా’. దానిలో కూర చుడితే ‘టాకో’. చూచుటకు సామాన్యమైన ఈ రొట్టె వెనుక గొప్ప విజ్ఞానం దాగి ఉన్నది. మొక్కజొన్నను దాదాపు 9,000 ఏళ్ళ క్రితం మెక్సికో నేల మీద ఒక అడవి గడ్డి నుండి పండించుకొన్నారు. అక్కడి స్త్రీలు గింజలను సున్నం కలిపిన నీటిలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగి, సన్నికల్లు వంటి రాతి మీద నూరి ముద్ద చేసేవారు. ఈ ప్రక్రియకు ‘నిష్తమల్’ అనే నవాత్ల్ భాషా పదం పేరైనది. అందులో మొదటి భాగానికి బూడిద అని అర్థం.

సున్నం వలన లాభమేమి? మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఉన్నను అది బంధితమై ఉండుటచేత శరీరానికి అందదు. సున్నపు నీరు ఆ బంధాన్ని విడదీస్తుంది. యూరప్ వారు మొక్కజొన్నను తీసికొనిపోయారు గాని సున్నపు నీటి విద్యను తీసికొనిపోలేదు. ఫలితంగా ఆ గింజనే ప్రధానాహారంగా చేసికొన్న ఇటలీ, స్పెయిన్ దేశాల పేదలలోను, ఇరువదవ శతాబ్దారంభంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల పేదలలోను పెల్లగ్రా అనే వ్యాధి వ్యాపించినది. చర్మం పగిలి, జీర్ణశక్తి క్షీణించి, మతి చలించి రోగులు మరణించేవారు. అది అంటువ్యాధి కాదని, ఆహారలోపమని 1914 నుండి పరిశోధన సాగించిన వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించాడు. నియాసిన్ దానికి మందు అని 1937లో తేలినది. అక్షరజ్ఞానం లేని గ్రామీణ స్త్రీలు వంటింట్లో వేల ఏళ్ళుగా ఆచరించిన విద్యను లెక్కచేయనందుకు ఎందరో ప్రాణాలు చెల్లించారు.

ఈ వ్యాధికి మన నేలతో కూడ సంబంధం ఉన్నది. దక్కను పీఠభూమిలో జొన్నలే ముఖ్యాహారంగా గల పేదలలో పెల్లగ్రా కనిపించెడిది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకాంతయ్య గార్లు 1960లో జొన్నలోని ల్యూసిన్ అనే పదార్థపు ఆధిక్యానికి, ఈ వ్యాధికి గల సంబంధాన్ని ప్రతిపాదించి ప్రపంచ వైద్యలోకం దృష్టిని ఆకర్షించారు. లోపం జొన్నలో కన్న, జొన్న తప్ప మరొకటి దొరకని దారిద్ర్యంలో ఉన్నది. పప్పు, పాలు, కూరగాయలు తోడైన పళ్ళెంలో అదే జొన్న బలవర్ధకం.

మూడవ వడ్డన: మోలే, సాలన్

విందులో ప్రధాన వడ్డన తరచుగా ‘మోలే’ అనే చిక్కని పులుసు. ప్వేబ్లా రీతి మోలేలో పలు రకాల ఎండుమిరపకాయలు, వేయించిన నువ్వులు, గింజపప్పులు, టమాటా, దాల్చినచెక్క, లవంగం, మిరియం, ఎండుద్రాక్ష, కొద్దిగా చాకొలెట్ చేరుతాయి. దినుసులు ఇరువదికి మించుట కద్దు. వీటిని వేరువేరుగా వేయించి, నూరి, గంటల తరబడి ఉడికించి కోడిమాంసం మీద పోస్తారు.

ఇప్పుడు మన మిర్చీ కా సాలన్‌ను తలచుకొనండి. వేయించిన నువ్వులు, వేరుశనగలు, కొబ్బరి నూరి, చింతపండు పులుసులో మిరపకాయలు వేసి చిక్కగా ఉడికిస్తాము. హైదరాబాదు బిర్యానీ ప్రక్కన నిలిచే ఈ సాలన్, ప్వేబ్లా మోలే దూరపు బంధువుల వలె కనిపిస్తాయి. ఈ పోలిక వెనుక చరిత్ర ఉన్నది. సాలన్‌లోని మిరప, వేరుశనగ అమెరికా ఖండపు పంటలు. మోలేలోని నువ్వు, మిరియం, లవంగం, దాల్చిన పాత ప్రపంచం నుండి అక్కడికి పోయినవి. వారి సరుకు మన కుండలోకి, మన సరుకు వారి కుండలోకి చేరినది.

పదునారవ శతాబ్దంలో పోర్చుగీసు వారు మిరపను భారత తీరానికి తెచ్చుటకు పూర్వం మన పూర్వులు కారానికి మిరియాలు, పిప్పళ్ళు, అల్లం వాడేవారు. మిరియం అనే పాత మాటనుండే మిరప అనే పేరు వచ్చినది. టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, జామ, బొప్పాయి, జీడిమామిడి, సీతాఫలం కూడ ఆ ఖండపు వరాలే. గుంటూరు మిరపకాయ లేని ఆంధ్ర భోజనాన్ని మనం ఊహించుకొనలేము. కాని అయిదారు శతాబ్దాల క్రితం ఆ కాయ పేరైనా ఈ నేలకు తెలియదు.

మాటలు కూడ సరుకులతోపాటు ప్రయాణం చేశాయి. అరబ్బులు 711లో స్పెయిన్‌లో ప్రవేశించారు. వారి చివరి రాజ్యం గ్రనడా 1492లో పతనమైనది. కొలంబస్ పడమర దిశగా ఓడ సాగించినదీ ఆ ఏడాదే. ఈ ఎనిమిది శతాబ్దాల సహవాసం స్పానిష్ వంటింటి నిఘంటువును నింపినది. బియ్యాన్ని స్పానిష్‌లో ‘అరోస్’ అంటారు. అది అరబ్బీ ‘రుజ్’. చక్కెర ‘అసూకర్’, అది అరబ్బీ ‘సుక్కర్’. నారింజను వారు ‘నరాంహా’ అంటారు. మన దేశపు ‘నారంగ’ శబ్దం పారశీకంలో ‘నారంగ్’, అరబ్బీలో ‘నారంజ్’ అయి స్పెయిన్ చేరి, అక్కడి నుండి మెక్సికో వరకు పోయినది. తెలుగువాడు ‘నారింజ’ అన్నను, మెక్సికోవాడు ‘నరాంహా’ అన్నను వేరు ఒక్కటే. సిర్కాలో ఊరిన చేపను, కూరగాయలను ‘ఎస్కబేచె’ అంటారు. ఆ పేరుకు మూలం పదవ శతాబ్దపు బాగ్దాదు పాకశాస్త్ర గ్రంథంలో కానవచ్చే ‘సిక్‌బాజ్’ అనే సిర్కా కూర. మెక్సికో వీధులలో నేడు అత్యంత ప్రీతిపాత్రమైన ‘అల్ పాస్తోర్’ టాకో, లెబనాన్ నుండి వలస వెళ్ళినవారి షవర్మా నుండి పుట్టినది. పరాయిది అని మనం దూరం పెట్టే పళ్ళెంలో ఇన్ని పరిచిత శబ్దాలు వినబడుట గమనార్హం.

మర్యాదలు, నియమాలు

చిన్న భోజనశాలలో బల్లలు తక్కువ గనుక ముందుగా స్థలం కేటాయింపజేసికొనుట తప్పనిసరి. చెప్పిన వేళకు పోకున్నను, చివరి నిమిషంలో మానుకొన్నను అపరాధ రుసుము వసూలు చేసే శాలలు కలవు. ఆహారనియమాలు ఉన్నవారు ఆ సంగతి కేటాయింపు సమయంలోనే తెలియజేయుట ఉత్తమం. దానిని అక్కడ అమర్యాదగా భావించరు. చెప్పకుండా కూర్చుండి వడ్డనలను త్రిప్పి పంపుటయే ఇబ్బంది.

అడుగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి. ‘మాంతేకా’ అనగా సాధారణంగా పందికొవ్వు. చిక్కుడు గింజల ముద్దలోను, ఆకులో చుట్టి ఆవిరిపై ఉడికించే తమాలేలోను దీనిని వాడుట పరిపాటి. అందుచేత చూపునకు శాకాహారంగా తోచే వంట కూడ శాకాహారం కాకపోవచ్చును. ‘సెర్దో’, ‘ప్వెర్కో’ అనే మాటలు పందిని సూచిస్తాయి. ‘చొరీసో’, ‘కార్నీతాస్’, ‘కొచినీత పిబిల్’ అనే వంటలు సామాన్యంగా పందిమాంసంతో చేసేవి. ‘వీనో’ అనగా ద్రాక్షసారాయి; ‘పిస్కో’ పెరూ దేశపు మద్యం; ఇవి పానీయాలలోనే గాక కొన్ని పులుసులలో, తీపి వంటకాలలో కూడ చేరుతాయి. మోలేలో కోడిరసం ఉండవచ్చును. ‘చపులీనెస్’ అనగా వేయించిన మిడుతలు. మెక్సికోలోని వహాకా ప్రాంతంలో అవి ప్రియమైన ఆహారం. హలాల్ పాటించేవారు మాంసం మూలాన్ని కూడ అడిగి తెలిసికొనాలి. చేప, మొక్కజొన్న, చిక్కుడు గింజలు, కూరగాయలతోనే పూర్తి విందు సమకూర్చగల సామర్థ్యం ఈ వంటకు సహజంగానే ఉన్నది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు గదా. నియమాన్ని నిలుపుకొంటూనే ఇతరుల రుచిని ఏవగించుకొనకుండ ఉండుట సంస్కారం.

బల్లపై కత్తులు, ముళ్ళచెంచాలు వరుసగా ఉంటే వెలుపలి వానితో మొదలుపెట్టి లోపలికి రావాలి. చేతిగుడ్డను ఒడిలో పరచుకొనాలి. వడ్డించేవారిని చప్పట్లు కొట్టి, కేకవేసి పిలువరాదు; చూపు కలిసినప్పుడు చేయి కొద్దిగా ఎత్తితే చాలును. అయితే ఎంత ఖరీదైన శాలలోనైనా టాకోను చేతితోనే తినాలి. దానిని కత్తితో కోయువాడే అక్కడ కొత్తవాడు. చేతితో తినుట అనాగరికమని చిన్ననాటి నుండి విన్న మన విద్యార్థులకు ఇది ధైర్యం చెప్పే సంగతి. మిగిలిన పదార్థాన్ని కట్టి ఇమ్మని అడుగుట కూడ అక్కడ నామోషీ కాదు.

బిల్లులోని పాఠం

మెనూలో వ్రాసిన వెలయే తుది వెల అనుకొనరాదు. న్యూయార్క్ నగరంలో భోజనంపై అమ్మకపు పన్ను 8.875 శాతం. దానిపై టిప్పు 18 నుండి 20 శాతం ఇచ్చుట ఆచారం. 100 డాలర్ల భోజనానికి పన్ను 8 డాలర్ల 88 సెంట్లు, టిప్పు 20 డాలర్లు. వెరసి 128 డాలర్ల 88 సెంట్లు. ఇట్టి శాలలో ఒక్కరి విందు 100 డాలర్లు దాటుట సామాన్యం గనుక ఈ లెక్క తెలియని విద్యార్థి నెల ఖర్చు తలక్రిందులు కాగలదు. మధ్యాహ్న భోజనం కొన్నిచోట్ల చౌక.

టిప్పు దయాధర్మం కాదు. 2025లో నగరంలోని కనీస వేతనం గంటకు 16 డాలర్ల 50 సెంట్లు. కాని భోజనశాలలో వడ్డించేవారికి యజమాని 11 డాలర్లు మాత్రమే చెల్లించి, తక్కిన 5 డాలర్ల 50 సెంట్లను టిప్పులలో లెక్కించుకొనుటకు చట్టం అనుమతించినది. అనగా వడ్డించేవారి జీతంలో ఒక భాగాన్ని అతిథియే చెల్లిస్తున్నాడు. పైగా న్యూయార్క్ చట్టరీత్యా టిప్పులను వడ్డన పనివారే పంచుకొనాలి. వంటగదిలో మోలే కలిపిన చేతికి, గిన్నెలు కడిగిన చేతికి అందులో వాటా లేదు. ఈ అసమానతను తొలగించుటకు నగరంలోని ప్రసిద్ధ భోజనశాలాధిపతి డానీ మేయర్ 2015లో తన శాలలలో టిప్పులను రద్దుచేసి, వెలలను పెంచి, అందరి జీతాలలో సర్దుబాటు చేయజూచారు. 2020లో ఆ ప్రయత్నాన్ని విరమించవలసి వచ్చినది. రుచిని మెచ్చుకొన్నంత సులభంగా రుచిని సృష్టించిన శ్రమకు న్యాయం చేయలేమని ఈ ఉదంతం తెలుపుతున్నది.

వెల కట్టినది ఎవరు?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఒక వంటకు గౌరవం ఎట్లు వస్తుంది? భారతదేశంలో పుట్టి న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆహారాధ్యయన ఆచార్యుడైన కృష్ణేందు రే 2016లో ప్రచురించిన ‘ది ఎత్నిక్ రెస్టరేటర్’ అనే గ్రంథంలో ఈ విషయాన్ని చర్చించారు. ఒక జాతి వంటకు నగరంలో లభించే వెల, ఆ జాతి ప్రజల సాంఘిక, ఆర్థిక స్థాయిని అనుసరించి ఉంటుందని ఆయన వాదం. పేద వలసదారులుగా వచ్చినప్పుడు ఇటాలియన్ల వంటను అమెరికన్లు చిన్నచూపు చూచారు. ఆ సంతతి వారు సంపన్నులైన పిదప అదే వంట ఖరీదైనది. దినుసులలో మార్పు లేదు; వండినవారి యెడల సంఘం చూపే గౌరవంలోనే మార్పు.

ఈ వాదాన్ని ఎదురు దిశ నుండి చూపే ఉదాహరణ మెక్సికో నగరంలో ఉన్నది. 1968లో వెలసిన ‘ఎల్ కలీఫా దె లెయోన్’ అనే టాకో కొట్టులో నిలబడి తినుటయే గాని తీరికగా కూర్చుండే వసతి లేదు. చిన్న గది, ఒక పెనం, మాంసం, ఉప్పు, నిమ్మ, రొట్టె, ఇంతే. 2024లో మిషెలిన్ నక్షత్రం అందుకొని, ఆ గౌరవం పొందిన మొదటి మెక్సికన్ టాకో కొట్టుగా అది చరిత్రకెక్కినది. ఆ కొట్టు తన వంటను మార్చుకొనలేదు; చూచేవారి చూపే మారినది.

మన ఇంటి సంగతి కూడ ఇంతే. జొన్నరొట్టె, సజ్జ సంకటి, అంబలి పేదల తిండి అని ఒక తరం వారు సిగ్గుపడి మానుకొన్నారు. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినది. అదే జొన్న నేడు నగరాలలోని పెద్ద అంగళ్ళలో అందమైన సంచులలో అమ్ముడవుతున్నది. అయితే పండించిన రైతుకు, కొట్టి వండిన తల్లికి ఆ గౌరవంలో ఎంత వాటా చేరినదో ఆలోచించవలసి ఉన్నది. తన టిఫిను డబ్బాలోని రొట్టెను మూతచాటున దాచుకొని తినే విద్యార్థి, ఇతరులు కట్టిన వెలను తన తల్లి వంటపై తానే అంటించుకొంటున్నాడు.

ప్రియ విద్యార్థులారా! ఉన్నత విద్య మిమ్ములను ఏ మహానగరానికి చేర్చినను, అక్కడి విందులో ధైర్యంగా కూర్చొనండి. తెలియనిది అడుగుటకు జంకకండి. పరుల రుచిని ఆదరించండి. మీ నియమాన్ని మర్యాదగా నిలుపుకొనండి. బిల్లు చెల్లించునప్పుడు వంటగది తలుపు వెనుక నిలిచినవారిని ఒకసారి స్మరించండి. మన కళాశాల ఫలాహారశాలలో టీ అందించే పనివానిని పేరుతో పలుకరించుట ఈ విద్యలో మొదటి పాఠం. దానికి న్యూయార్క్ దాకా పోనక్కరలేదు.